లేడీస్ క్యూ తాళం

పోయిన వారం కథ రేకుల హాలు మెట్ల దగ్గర ఆగింది. మొగల్తూరు దాటాక వచ్చే ఆ చిన్న ఊళ్ళో ఉన్నది ఒకటే సినిమా హాలు. దానికి మంచి పేరే ఉంది గాని అందరికీ అది రేకుల హాలే. రేకులు తీసేసి ఏసీ పెట్టినా ఆ పేరు పోలేదు. రామతులసి అక్క సత్యవాణి పందొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే, ఓ కొత్త సినిమా మొదటి రోజు మొదటి ఆటకి, ఆడవాళ్ళ టికెట్ల క్యూలో నలిగి, ఆ సాయంత్రానికే పోయింది. ఇప్పుడా సినిమానే మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. అక్క చూడకుండా పోయినదాన్ని తను చూసి రావాలని తులసి పట్టుబట్టింది. భర్త ప్రసన్నకుమార్ నెల్లాళ్ళు వద్దన్నాడు. చివరికి రామచంద్రపురం నుంచి రెండు గోదావరి పాయలు దాటించి కారులో తీసుకొచ్చాడు. మెట్ల దగ్గర దింపి, "నువ్వు పద, కారు నీడన పెట్టొస్తాను" అని వెళ్ళాడు.

వెళ్ళి పది నిమిషాలైంది.

వద్దనడానికి అతని దగ్గర ఎప్పుడూ కారణాలు సిద్ధంగా ఉండేవి. ఏసీ మెకానిక్కు కాబట్టి మొదటి కారణం ఏసీయే. "టికెట్లు తెగేదాకా వేస్తారు తులసీ. ఆట మొదలయ్యాక అరగంటకోసారి ఆపుతారు. ఆ స్విచ్చులు బిగించేది మేమే కదా, నాకు తెలీదా?" అనేవాడు. తర్వాత ముందు సీటువాడు. హీరో నడిచి వచ్చేసరికి ఫోను పైకెత్తి స్టేటస్ కోసం వీడియో తీస్తాడు, మనం తెర వదిలేసి వాడి ఫోన్లో సినిమా చూడాలి. వెనక సీటువాడు కుర్చీని తంతాడు. పక్క సీటువాడు అప్పటికే మూడుసార్లు చూసి ఉంటాడు, డైలాగులన్నీ ముందే చెప్పేస్తాడు. కాగితం ముక్కలు జల్లుతారు, అవి తల్లోకీ పాప్‌కార్న్‌లోకీ పోతాయి. ఆ పాప్‌కార్న్ కూడా మెత్తబడి ఉంటుంది. బాత్‌రూముల సంగతి చెప్పక్కర్లేదు. మధ్యలో లేవాలంటే పది జతల మోకాళ్ళు దాటాలి. నచ్చకపోతే ఆపలేం, నచ్చితే వెనక్కి తిప్పుకోలేం. "ఎవరి పక్కన కూర్చున్నామో తెలియకుండా మూడు గంటలు చీకట్లో కూర్చోవడం ఏం సరదా చెప్పు?"

పెళ్ళయిన మూడో ఏట ఇంట్లో హాలు గోడకి తెల్లరంగు వేయించి ప్రొజెక్టర్ బిగించాడు. కిటికీలకి నల్ల తెరలు తనే కుట్టించాడు. "మీ ఆయన నీకోసం సినిమా హాలే కట్టించాడే" అని వీధిలో ఆడవాళ్ళు ఏడిపిస్తే తులసి నవ్వేది. ఎందుకు కట్టించాడో తనకి తెలుసనుకునేది. అక్క పోయిన చోటు గుర్తుకి రాకుండా, ఆ సంగతి నోటితో అనకుండా, కుర్చీలూ ఏసీలూ పాప్‌కార్నూ అడ్డుపెట్టి తనని కాపాడుతున్నాడనుకునేది. ఒక మనిషిని ఇంకో మనిషి ఇంత మర్యాదగా ప్రేమించడం ఉంటుందా అని ఒక్కోసారి ఆశ్చర్యపోయేది కూడా.

హాలు ముందు జనం యాభై అరవై మందికి మించి లేరు. అందరూ నలభై దాటినవాళ్ళే. హీరో బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకున్నారు, పొట్టల మీద హీరో మొహం సాగిపోయి ఉంది. జుట్టుకి రంగేసుకున్నారు. ఇద్దరు డప్పులు కొడుతున్నారు. ఒకాయన రెండడుగులు వేసి నడుం పట్టుకుని పక్కకి తప్పుకుంటే అందరూ నవ్వారు. "కుర్రోడివనుకున్నావేంట్రా, నిన్ననేగా మనవడి బారసాల చేశావు" అన్నారెవరో.

తులసికి భయం వేయలేదు. వేస్తుందనుకుంది. నెల్లాళ్ళుగా ఈ క్షణం గురించి మనసులో ఎన్నో రిహార్సళ్ళు వేసుకుంది. కాళ్ళు వణుకుతాయి, ఊపిరి అందదు, అక్క పేరు పెట్టి ఏడుస్తుంది, భర్త భుజం పట్టుకుంటాడు. అవేవీ జరగలేదు. లేడీస్ క్యూ ఉండేచోట ఇప్పుడు ఐస్‌క్రీమ్ దుకాణం ఉంది. రెండు గోడల మధ్య సన్నటి సందు, పైన ఇనప ఊచలు, వెనక ఒక గేటు, ముందు చెయ్యి మాత్రం పట్టే కిటికీ అని అమ్మ చెబితే విన్నది. ఆ రోజుల్లో ఆడవాళ్ళ క్యూ చిన్నది కాబట్టి కుర్రాళ్ళంతా తెలిసిన ఆడపిల్లల్ని బతిమాలి దాంట్లో నిలబెట్టేవాళ్ళు. అక్క ఆ రోజు పదిమందికి టికెట్లు తెచ్చిపెడతానని నిలబడింది. తులసి అప్పుడు రాజమండ్రి హాస్టల్లో ఉంది. మర్నాడు పొద్దున్న ఇక్కడికి పక్కనే ఉన్న తమ ఊరు చేరేసరికి ఒళ్ళంతా గుడ్డ చుట్టేసి, చూపించడానికి అక్క మొహం ఒక్కటే మిగిల్చారు.

ఐస్‌క్రీమ్ దుకాణం పైన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఏదో పాత ఫొటోని పన్నెండడుగులకి సాగదీసినట్టున్నారు, మనుషులు కొంచెం పొగలో నిలబడ్డట్టు ఉన్నారు. పైన 'ఆ రోజు మన యువసేన. మొదటి ఆటకి ముందు తీసిన చిత్రం' అని రాసి ఉంది. పదిహేనుమంది కుర్రాళ్ళు. మధ్యలో ఉన్నవాడి మెడలో దండ. తల కొంచెం ఎడమవైపు వాల్చి, చూసేవాళ్ళ మాట వినడానికి వంగినట్టు నిలబడ్డాడు. కింద 'వ్యవస్థాపక అధ్యక్షులు: కుమార్, ఐస్ ఫ్యాక్టరీ' అని ఉంది.

మా ఆయనకి తమ్ముడెవరైనా ఉన్నాడా అనుకుంది తులసి.

ఆ ఆలోచన వచ్చి, కాసేపు నిలబడింది కూడా. ప్రసన్నకుమార్‌కి తమ్ముళ్ళు లేరు. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషికి లేని తమ్ముణ్ణి పుట్టించడానికి ఆమె మనసుకి రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత, పోలిన మనుషులు లోకంలో ఉంటారనుకుంది. ఆ తర్వాత ఫ్లెక్సీ కింది అంచున ఉన్న ప్రింటింగ్ షాపు ఫోన్ నంబరు చదివింది. పది అంకెలూ చదివింది. మళ్ళీ చదివింది. పెళ్ళికి ముందు వైజాగ్‌లో పని నేర్చుకున్నానని చెప్పాడు. ఈ ఊరు ఎప్పుడూ చూడలేదన్నాడు. ఇందాక హైవే దిగాక దారి ఎవరినీ అడగకుండానే కారు తిప్పాడన్న సంగతి ఇప్పుడు తట్టింది.

మళ్ళీ ఫొటో వైపు చూసింది. ఈసారి కుర్రాళ్ళ భుజాల మీదుగా వెనక్కి చూసింది.

వెనక ఇనప గేటు ఉంది. గేటు వెనక, ఊచల మధ్య, మసకగా ఆడవాళ్ళ మొహాలున్నాయి. వరుసలో మూడో అమ్మాయి ఊచ పట్టుకుని, మెడ సాచి, ఫొటోలో తనూ పడాలని నవ్వుతోంది. పచ్చ చున్నీ. ఆ చున్నీ తులసిది. హాస్టల్‌కి తీసుకెళ్ళడం మరిచిపోయినది.

అక్క.

అక్క ఫొటోలు ఇంట్లో నాలుగే ఉన్నాయి. ఐదోది ఉందని ఎవరికీ తెలియదు. పందొమ్మిదేళ్ళుగా ఎవరి అల్మారాలోనో ఉండి, ఇవాళ పన్నెండడుగులై, నడిబజార్లో, ఎండలో నవ్వుతోంది. అక్కకి ముందు ఆ గేటుకి పెద్ద తాళం కప్ప వేలాడుతోంది. దండ వేసుకున్న కుర్రాడు కుడిచెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపిస్తున్నాడు, గెలిచినవాళ్ళు చూపించినట్టు. ఆ వేళ్ళలో ఒకదానికి తాళంచెవి రింగు ఉంది.

డప్పులు గట్టిగా మోగాయి. తులసికి ఆ మోత చాలా దూరంగా, నీళ్ళలోంచి వచ్చినట్టు వినబడింది.

"ఓర్నాయనో! ప్రెసిడెంటుగారు!"

ఆ కేకకి వెనక్కి తిరిగింది. బయటి గేటు దాటి ప్రసన్నకుమార్ వస్తున్నాడు. తలకి టోపీ, మొహానికి మాస్కు. దుమ్ము పడదని కారులో పెట్టుకున్నాడు. నెరిసిన గడ్డం ఉన్న ఓ లావాటి మనిషి అతనికి ఎదురెళ్ళి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"ఎవరండీ? మీరెవరో పొరబడ్డారు" అన్నాడు ప్రసన్నకుమార్.

"పొరబడ్డానాండీ? మాస్కేసుకుంటే మొహం మారుద్ది గానీ నడక మారుద్దాండీ? ఒరేయ్, రండ్రా! ఐస్ ఫ్యాక్టరీ కుమార్‌గారొచ్చారు! నే చెప్పలా, ఈ సినిమాకి వస్తే గిస్తే రావాలని!" ఆ మనిషి మాస్కు కిందకి లాగేశాడు. లాగి, చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఎన్నేళ్ళండీ బాబూ! చెప్పాపెట్టకుండా పోతారాండీ అలాగ?"

కటౌట్‌కి వేద్దామని తెచ్చిన బంతిపూల దండ ఎవరో తీసుకొచ్చి ప్రసన్నకుమార్ మెడలో వేశారు. టోపీ ఊడిపోయింది. ఫ్లెక్సీ మీద దండతో ఒక మొహం, దాని కిందే దండతో ఇంకో మొహం. మధ్యలో పందొమ్మిదేళ్ళు ఐస్‌క్రీమ్ దుకాణమంత జాగాలో ఇరుక్కుని ఉన్నాయి. అతను ఫ్లెక్సీని చూశాడు. తర్వాత తులసిని చూశాడు. తులసి ఏం చూసిందో అతనికి తెలిసిపోయింది.

"వదినగారాండీ? నమస్కారమండి." గడ్డం మనిషి తులసి వైపు తిరిగాడు. "నా పేరు లోకనాథండి. అప్పట్లో మన యువసేనకి సెక్రటరీనండి. ఇప్పుడు సోడాల కంపెనీ. మీ ఆయనగారెంత మనిషో మీకు తెలుసాండీ?"

"తెలీదండి" అంది తులసి. "చెప్పండి."

"తులసీ, వెళ్ళిపోదాం పద."

"ఉండండి. ఆయన్ని చెప్పనివ్వండి."

"అదిగో, సొంత డబ్బా కొట్టుకోరండి ఈయన, మొదట్నుంచీ అంతే. ఆ కటౌట్ ఉంది చూశారూ, అప్పట్లో దీనికి రెట్టింపు. నిచ్చెనెక్కి పాలు పోసింది ఈయనేనండి. జిల్లాలో ఏ ఊరికీ రానంత పేరొచ్చింది మనకి." అని, గొంతు తగ్గించాడు. "ఆ రోజు ఓ చిన్న అపశ్రుతి జరిగిందిలెండి. మీకు చెప్పే ఉంటారు. లేడీస్ క్యూలో ఓ అమ్మాయి నలిగిపోయి, పాపం, సాయంత్రానికి పోయిందంట. గేటుకి తాళం ఎవరేశారని పోలీసులు మమ్మల్ని మూడ్రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారండి. దెబ్బలు కూడా తిన్నాం. ఒక్కడు నోరు విప్పితే ఒట్టు. మన ప్రెసిడెంటు పేరు మనం చెప్తావాండీ?"

అతను ఆ మాట గొప్పగా చెప్పాడు. జీవితంలో తను చేసిన ఒకే ఒక్క మంచిపనిని చెప్పే మనిషిలా చెప్పాడు. చుట్టూ ఉన్న పొట్టల మనుషులు అవునన్నట్టు తలలూపారు. ఇన్నాళ్ళూ దాచుకున్న బహుమతిని ఇవాళ అందరూ కలిసి ఇస్తున్నట్టుంది. వాళ్ళలో ఒక్కరి మొహంలోనూ చెడ్డతనం లేదు. తులసికి అదే ఎక్కువ భయం వేసింది.

"తాళం ఈయనే వేశారా?"

"కావాలని వేశారాండీ ఏంటి? మగాళ్ళు లేడీస్ క్యూలోకి దూరిపోతున్నారని, ఆడపిల్లల మంచికోసమే వేశారు. చెవి జేబులో పడేసుకుని నిచ్చెనెక్కారు. ఇంతలో టికెట్లయిపోయాయని ముందు కిటికీ మూసేశాడు మేనేజరు. ముందున్నోళ్ళు వెనక్కి తోశారు. వెనక తాళం. కింద డప్పులు, పైన తారాజువ్వలు. ఎవరి కేకలు ఎవరికినబడతాయండి?" లోకనాథ్ కటౌట్ వైపు చెయ్యి చూపించాడు. "మేవైతే ఆడోళ్ళు సంతోషంతో అరుస్తున్నారనుకున్నామండి."

గంట మోగింది. ఆట మొదలవుతుందని ఎవరో అరిచారు. జనం కదిలారు. వాళ్ళతో పాటే ప్రెసిడెంటుగారూ వదినగారూ కదిలిపోయారు. వెనక్కి వెళదామన్నా దారిలేదు. లోకనాథ్ ఇద్దరినీ బాల్కనీ ముందు వరసలో నడిమధ్య సీట్లలో కూర్చోబెట్టి, "సోడాలు పంపిస్తానండి" అని వెళ్ళాడు. దీపాలారిపోయాయి.

భర్త చెప్పినవన్నీ నిజమే. ముందు సీటువాడు ఫోను పైకెత్తాడు. వెనక ఎవరిదో మోకాలు కుర్చీకి తగిలింది. కాగితం ముక్కలు పడ్డాయి. ఏసీ చల్లగా ఉంది, కాసేపట్లో ఆపుతారు కాబోలు. పదహారేళ్ళుగా అతను చెప్పిన కారణాల్లో ఒక్క అబద్ధం లేదు. వాటిలో అసలు కారణం కూడా ఒక్కటీ లేదు. మనిషి నిజాలతోనే ఇంత పెద్ద గోడ కట్టొచ్చని తులసికి ఇప్పుడు తెలిసింది. తనని చీకటినుంచి దాస్తున్నాడనుకుంది. అతను వెలుతురునుంచి దాక్కున్నాడు.

ఇంతకుముందు నమ్మినవన్నీ ఒక్కొక్కటే లేచి, మొహం తిప్పుకుని కూర్చుంటున్నాయి. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన చెయ్యి. అక్క తద్దినానికి తనకంటే ముందే లేచి తలస్నానం చేసిన మనిషి. అక్క చిన్నప్పటి కబుర్లు అమ్మ చెబుతుంటే విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్న అల్లుడు. అది ప్రేమా, శిక్షా? శిక్షే అయితే తనేంటి? భార్యా, జైలా?

"మీరు మా ఇంటికి మొదటిసారి ఫ్రిజ్ బాగుచెయ్యడానికే వచ్చారా?" అని అడిగింది.

తెర మీద పేర్లు పడుతున్నాయి. ప్రతి పేరుకీ ఈలలు. అతను వినబడలేదన్నట్టు తల ఎడమవైపు వాల్చాడు. ఆ వాలు ఇందాక ఫ్లెక్సీ మీద చూసినదే. చెవి దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడిగింది.

"కాదు" అన్నాడు. "ఫ్రిజ్ వంక. మీరు మీ ఊరొదిలి రామచంద్రపురం వెళ్ళారని తెలుసుకుని అక్కడే షాపులో చేరాను. చెప్పేద్దామని వచ్చాను."

"ఎవరికి?"

"అత్తయ్యకి."

"మరెందుకు చెప్పలేదు?"

అతను ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే హీరో కాలు తెర మీద పడింది. హాలు హాలంతా లేచి నిలబడింది. పైకప్పు ఎగిరిపోతుందేమోనన్నంత ఈలలు. అందరి చేతుల్లో ఫోన్లు వెలిగాయి. ఆ వెలుగులో అతని పెదాలు మళ్ళీ కదిలాయి. ఆమెకి ఒక్క ముక్క వినబడలేదు. ఇంట్లో అయితే ఆపి ఉండేది. రిమోట్ తీసుకుని, బొమ్మని నిలబెట్టి, దీపం వేసి, మొహం చూసి అడిగేది. ఇక్కడ లోకమంతా సంతోషం ఆపుకునేదాకా ఆగాలి. రెండు నిమిషాలు ఆగింది. పెళ్ళి చూపుల్లో కూడా అంతసేపు అతని మొహంలోకి చూడలేదు.

జనం కూర్చున్నారు.

"ఏమన్నారు?"

"చెప్పాను అన్నాను."

"ఏం చెప్పారు?"

"తాళం వేసింది నేనేనని. అత్తయ్యకి. మొదటి రోజే. నువ్వు కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళావు. ఆవిడ వరండాలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. కాళ్ళ మీద పడి చెప్పాను."

తులసి ఆ కాఫీని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పంచదార అయిపోయి బెల్లం వేసింది. గ్లాసు తెచ్చి ఇచ్చేటప్పటికి అమ్మ బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఈ అబ్బాయి గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పరాయి మనుషులు కదా, ఏం మాట్లాడుకుంటారనుకుంది.

"అమ్మేమంది?"

"కాఫీ తాగి వెళ్ళమన్నారు. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు. నెల తిరక్కుండా నిన్ను చేసుకోమని ఆవిడే అడిగారు తులసీ. నీకు ఎప్పటికీ చెప్పకూడదని నా చెయ్యి సత్యవాణి ఫొటో మీద పెట్టించి ఒట్టేయించుకున్నారు."

"అబద్ధం."

"నేను పడాల్సిన శిక్ష అదేననుకున్నాను. మీ ఇంట్లోనే ఉండి, రోజూ ఆ ఫొటో కింద భోంచెయ్యడం. తర్వాత అది శిక్షలా లేకుండా పోయింది. అందుకే ఇంకా భయం వేసేది."

అమ్మ ఏటేటా అక్క పోయిన రోజున ఇంటి గడపలో కూర్చుని, ఆ తాళం వేసిన చెయ్యి పడిపోవాలని తిట్టేది. పేరు తెలియని మనిషిని ఎంత తిట్టినా తీరదు కాబట్టి గొంతు పోయేదాకా తిట్టేది. తులసి పెళ్ళయిన ఏడు ఆ తిట్లు ఆగిపోయాయి. కాలం గడిచి దుఃఖం చల్లబడిందని తులసి అనుకుంది. అల్లుడి ఓర్పు వల్లే అమ్మ మామూలు మనిషయిందని చుట్టాలకి చెప్పుకుంది కూడా.

లేచింది. "తులసీ" అని అతను చెయ్యి పట్టుకోబోయాడు. "నా వెనక రాకండి" అంది. పది జతల మోకాళ్ళు దాటింది. "వదినగారూ, ఇప్పుడే ఫైటొస్తదండి, కూర్చోండి" అని ఎవరో అన్నారు. సోడాల ట్రేతో ఎదురొచ్చిన లోకనాథ్‌ని పక్కకి నెట్టి తలుపు తోసుకుని మెట్ల మీదికి వచ్చింది. తలుపు వెనక సినిమా దబదబా మోగుతోంది. మెట్ల మీద ఎవరూ లేరు. గోడకి తగిలించిన కూలర్ నీళ్ళు కారుస్తోంది.

ఫోను చేసింది. రెండో రింగుకే అమ్మ రత్నమాణిక్యం ఎత్తింది. ఆవిడ ఇప్పుడు వీళ్ళింట్లోనే ఉంటుంది.

"ఏమ్మా, అప్పుడే ఇంటర్వెల్లా? ఏడిచావేంటి? వద్దే బాబూ, వెళ్ళకు అని అల్లుడుగారు అంత చెబితే విన్నావా? తలనొప్పి తెచ్చుకోవడానికి కాకపోతే..."

"అమ్మా, ఆయన మొదటి రోజే నీకు చెప్పారా?"

అవతల కుళాయి నీళ్ళ చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు కాసేపయ్యాక ఆగింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పారా, లేదా?"

"చెప్పాడు."

"తెలిసే ఇచ్చావా నన్ను?"

"ఇచ్చాను."

తులసి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇంకాసేపు బుకాయిస్తుందనుకుంది, లేక ఏడుస్తుందనుకుంది. అమ్మ గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో అడుగుతారని తెలిసి, జవాబు తయారుచేసి పెట్టుకుని, అడక్కపోతే బాగుండునని ఇన్నేళ్ళు ఎదురుచూసిన గొంతు అది.

"నాకెందుకు చెప్పలేదమ్మా? ఆయన్ని తిట్టకపోయావా, పోలీసులకి పట్టించకపోయావా? అక్కని చంపిన మనిషికి నన్ను వండిపెట్టమన్నావా?"

"అల్లుడుగారు పక్కనున్నాడా?"

"లేరు. లోపలున్నారు."

"తలుపేసుందా?"

"వేసుంది. ఏంటో చెప్పు."

"తాళం ఆయనే వేశాడు తులసీ. అది నిజమే. దానివల్లే పిల్ల పోయిందని ఆ రోజు నా కాళ్ళ మీద పడి కుమిలిపోయాడు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు." రత్నమాణిక్యం గొంతు ఇప్పుడు తులసి ఎరిగిన గొంతులా లేదు. "అనుకోనిచ్చాను. ఆయనొక్కడే కాదు, ఊరంతా అలాగే అనుకుంటే ఊరుకున్నాను. నిన్ను కూడా అనుకోనిచ్చాను."

"అంటే?"

"గేటు విరగ్గొట్టాక బయటపడ్డవాళ్ళని ఎవరు లెక్కపెట్టారమ్మా? వాణి ఆ మధ్యాహ్నం నడుచుకుంటూ ఇంటికొచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. నేనే అన్నం పెట్టాను."